తెలుపు అని రాసిన నాలుగు రోజులు

నల్లబడిన కాగితం ముక్కను బావగారు భోజనాల బల్ల మీద, సరిగ్గా చిన్నకోడలి కంచం పక్కన పెట్టారు.

"ఇదేంటో కాస్త చెప్పమ్మా," అన్నారు.

ఆయన అరిచి ఉంటే ఇంత భయం వేసేది కాదు. అరిస్తే ఆయన కోపం నోటితోనే పోతుంది. ఇలా మెల్లగా, బడిలో మేష్టారు పలక మీది తప్పు చూపించినట్టు అడిగారంటేనే ఇంట్లో ఎవరికో మూడిందన్నమాట.

చిన్నకోడలు కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసింది. ఒళ్ళోని చంటివాడు ఆమె వేలు పట్టుకుని కంచం వైపు లాగుతున్నాడు.

ఆ కాగితం గురించి ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వేలెడు పొడవుంటుంది. సీసం మందు పూసి ఉంటుంది. తడిపి గ్యాసు గొట్టం చివర పట్టుకుంటే, గ్యాసు మంచిదైతే తెల్లగానే ఉంటుంది. చెడ్డదైతే నల్లబడుతుంది.

పెరట్లో భూమిలోకి దించి కట్టిన తొట్టిని వాళ్ళు పెద్ద పొట్ట అంటారు. మార్కెట్టులో అమ్ముడుపోక మిగిలిన కూరగాయలు, పళ్ళు, పశువుల కొట్టాల నుంచి వచ్చే పేడ, అన్నీ దాని నోట్లోకే. లోపల అదంతా కుళ్ళి గ్యాసు పుడుతుంది. దాంతోపాటే కుళ్ళిన గుడ్డు వాసన కొట్టే విషం కూడా పుడుతుంది. ఆ విషం ఊరికే ఉండదు. ఇత్తడిని తింటుంది, రబ్బరును తింటుంది, ఇనుమును తింటుంది. దాన్ని పూర్తిగా లాగేశాకే గ్యాసును బిగించి బండి సిలిండర్లలోకి ఎక్కించాలి.

"సాయంత్రం ఐదింటికి తనిఖీ ఆఫీసరు వస్తాడు," అన్నారు బావగారు, నిలబడే. "ఆయన సంతకం పెడితే బడి వ్యానుతోపాటు ఇంకో ఆరు బళ్ళు మన గ్యాసు మీదే నడుస్తాయి. పొద్దున్నుంచి గేటుకు రంగేయించాను. పెరడంతా కడిగించాను. ఎందుకైనా మంచిదని నేనే ఓ కాగితం పట్టుకుని చూశాను. చూస్తే ఇదీ వరస."

చిన్నకోడలు భర్త వైపు చూసింది. కంప్రెసరు పని అతనిది. అన్నయ్య గొంతు మారిందంటే అతను కంచంతోనే మాట్లాడుకునే రకం. ఇప్పుడూ అన్నం మధ్యలో వేలితో గుంట చేస్తున్నాడు.

"నిన్న ఎలా ఉందిరా?" అన్నారు బావగారు.

"తెలుపు."

"మొన్న?"

"తెలుపే అన్నయ్యా. గోడ మీద షీటులో ఉందిగా. సోమవారం నుంచి రోజూ తెలుపే. తను చూడకుండా రాసే మనిషి కాదు."

భార్యను వెనకేసుకొచ్చాడు. పెళ్ళయిన ఏడేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నిసార్లు చేసిన పని. ఇవాళే చెయ్యాలా.



ఎందుకంటే ఆమె చూడలేదు.

ఆదివారం సాయంత్రం చంటివాడికి జ్వరం అందుకుంది. బుధవారం దాకా దిగలేదు. వాణ్ణి భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళడం, దారానికి వేలాడే కలం అందుకోవడం, 'తెలుపు' అని రాసి సంతకం పెట్టడం, వ్యాను డ్రైవరుకిచ్చే చీటీ మీదా అదే మాట రాయడం, అంతే. సోమ, మంగళ, బుధ, ఇవాళ పొద్దున. కాగితం తడపాలంటే రెండు చేతులూ కావాలి. ఏడాదిన్నరగా రోజూ తెలుపే వస్తోంది, ఇవాళ మాత్రం కొత్తగా ఏమవుతుందిలే అనుకుంది. మొదటిరోజు మనసు పీకింది. రెండోరోజు అంత పీకలేదు.

తొమ్మిదో తరగతి మధ్యలో ఆమె చదువు ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె సంతకం అడిగినవాళ్ళు ఎవరూ లేరు. ఈ షీటు వచ్చాకే ఆమె పేరు రోజుకోసారి కాగితం మీద పడుతోంది.

"అయితే ఇవాళే చెడిందన్నమాట," అన్నారు బావగారు. మొహం కాస్త తేటపడింది. "వ్యానుకు నింపింది నిన్న సాయంత్రం. అప్పటికి మంచిదే. బతికిపోయాం. ఒరేయ్ చిన్నోడా, లే. తుప్పు డబ్బా విప్పి ఏమైందో చూడు. ఐదింటికల్లా నాకు తెల్లకాగితం కావాలి."

మూలన పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారి చేతులు ఆగాయి.

చిన్నకోడలు అది గమనించింది. ఆ చేతి వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టి ఉండటం కూడా ఇప్పుడే గమనించింది.

* * *

భర్త కంప్రెసరు ఆపేశాడు.

పగలంతా డుగడుగమనే ఆ చప్పుడు ఇంట్లో ఎవరికీ వినపడదు. ఆగినప్పుడే వినపడుతుంది. చంటివాడు ఉలిక్కిపడి తల్లి మెడ పట్టుకున్నాడు.

తుప్పు డబ్బా అంటే మనిషి నిలువెత్తు పీపా. లేతు మెషీను దగ్గర రాలిన ఇనుప తురుమును తెచ్చి, నీళ్ళు చల్లుతూ ఎండలో వారం రోజులు తిరగేస్తే ఎర్రగా తుప్పు పడుతుంది. దాన్ని వల సంచులకెత్తి ఆ పీపాలో పేరుస్తారు. గ్యాసులోని విషాన్ని పట్టుకునేది ఆ తుప్పే. పట్టుకున్నకొద్దీ నల్లబడుతుంది. మళ్ళీ తీసి గాలికి ఆరబోస్తే ఎర్రబడి ఇంకోసారికి పనికొస్తుంది. ఒక దఫా సంచులు పీపాలో ఉంటే ఇంకో దఫా తురుము పెరట్లో ఆరుతూ ఉంటుంది.

భర్త పైసంచిని బయటికి లాగి మూతి విప్పాడు.

లోపల తురుము తళతళా మెరుస్తోంది.

చిన్నకోడలు వంగి కాస్త చేతిలోకి తీసుకుంది. ఎక్కడా ఎరుపు చుక్క లేదు. అరచేతికి జిడ్డుగా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వంటనూనె వాసన.

"దీన్నెవరు తోమారు?" అన్నాడు భర్త, తనలో తాను అనుకుంటున్నట్టు.

"సంచులు పేర్చింది మీరేగా."

"సోమవారం పొద్దున మూతులు కట్టి గోడవారన వరసగా పెట్టి ఉన్నాయి. నువ్వు కట్టావనుకున్నాను. ఎత్తి లోపల పెట్టాను."

"నేను కట్టలేదు. మీరు కట్టారనుకున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. అత్తగారు గుమ్మం దాటి వచ్చి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. నెల రోజుల కిందటి దాకా ఆవిడ కూతురింట్లో ఉండేది. వచ్చిన మర్నాటి నుంచే ఆ ఇంట్లో మసి పట్టిన గిన్నె అన్నది లేకుండా పోయింది.

"అత్తయ్యా," అంది చిన్నకోడలు.

"ఎండలో పడేసి ఉంది," అంది ఆవిడ. "అంతా తుప్పు పట్టి, చూడ్డానికే ఏదోలా ఉంది. నువ్వా పిల్లాడితో అవస్థ పడుతున్నావు. వాళ్ళిద్దరికీ తీరికలేదు. నేను తిని కూర్చోవడం తప్ప ఈ ఇంట్లో చేస్తున్నదేముందని..." ఆగింది. "మార్కెట్టు చెత్తలో నిమ్మడిప్పలు బోలెడు. వాటితో, బూడిదతో తోమాను. శని ఆదివారాలు రెండు మధ్యాహ్నాలు పట్టింది. మళ్ళీ తుప్పు పట్టకుండా నూనె కూడా రాశాను."

భర్త నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం అతనిది.

"తుప్పే కావాలమ్మా మనకి. ఇంత కష్టపడి పట్టించేది అదే."

"నాకెవరైనా చెబితేగా." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "సోమవారం నుంచి భయంభయంగానే ఉన్నానే అమ్మాయ్. ముట్టుకోకూడనిదేమైనా ముట్టుకున్నానేమో అని. రోజూ నువ్వు గోడ మీద రాసొచ్చాక ఎలా ఉందే అని అడిగేదాన్నిగా. తెల్లగా ఉందత్తయ్యా అనేదానివి. పోనీలే, మనం తోమింది మంచికే అయిందని మనసు కుదుటపడేది."

చిన్నకోడలికి తల తీసేసినట్టయింది. నిజమే, అడిగింది. వంటగది గుమ్మంలో నిలబడి, ఏదో ఊసుపోక అడుగుతున్నట్టు, నాలుగు రోజులూ అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు పిచ్చుక.

పిచ్చుక ఆమె పెద్దపిల్ల. ఒకటో తరగతి. మంగళవారం బడి నుంచి వచ్చి సంచీ విసిరికొట్టి, "నన్ను రెండుసార్లు స్నానం చేయించు," అంది. ఎందుకే అంటే, వ్యానులో పిల్లలు ముక్కులు మూసుకుంటున్నారట. కుళ్ళిన గుడ్డు వస్తోంది జరగండి అంటున్నారట. బుధవారం పొద్దున చొక్కా అంతా పౌడరు చల్లుకుని వెళ్ళింది. సాయంత్రం తలనొప్పి అంటూ తిండి తినకుండా పడుకుంది.

గ్యాసు ఇంటి పిల్ల కదా, మన బట్టలకే ఆ వాసన పట్టి ఉంటుందిలే అనుకుంది తల్లి. ఈ ఇంట్లో ఉండి ఉండి తన ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. పిల్లను దగ్గరికి లాక్కుని వాసన చూసినా తనకేం తెలియలేదు.

కానీ వాసన పిల్లది కాదు. వ్యానుది. కడిగిన గ్యాసుకు ఆ వాసన ఉండకూడదు. బిగించిన గ్యాసు బయటికే రాకూడదు. వ్యానులో వాసన వస్తోందంటే విషం గొట్టాల్లోకి చేరడమే కాదు, ఎక్కడో ఒక వాషరును తినేసి బయటికి దారి చేసుకుందన్నమాట. బండి నిండా పిల్లలు.

గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. బడి మూడున్నరకు వదులుతారు.

వ్యాను డ్రైవరుకు ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. సీట్లో కూర్చున్నాక ఫోను ముట్టని మనిషి అతను. ఆ ఒక్క గుణం చూసే పిల్లను ఆ వ్యాను ఎక్కించారు.

"ఎవరికి?" అన్నాడు భర్త.

"వ్యాను ఆపించాలి."

"అందులో ఉన్నది నిన్నటి గ్యాసు. నిన్న తెలుపే కదా. ఎందుకంత కంగారు?"

ఆమె అతని కళ్ళలోకి చూసింది. చెప్పకుండా పోవచ్చు. ఇనుము తోమింది అత్తగారు, పేర్చింది భర్త, కాగితం నల్లబడింది ఇవాళ. అంతా అక్కడికి సరిపోతుంది. తన పేరు ఎక్కడా రాదు.

"నేను చూళ్ళేదండీ," అంది.

"ఏది?"

"నాలుగు రోజులూ."

అతను తిట్టినా బాగుండేది. లేచి పనిముట్ల పెట్టె దగ్గరికి వెళ్ళాడు. పెద్ద స్పానరు, సబ్బునీళ్ళ సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"డబ్బా నోరు తెరిచి ఉంది. పొట్టలో గ్యాసు ఊరుతూనే ఉంటుంది. దీన్ని మూసి, పైగొట్టం వైపు మళ్ళించేదాకా నేను కదలకూడదు. నువ్వు పద. సిలిండరు మెడ దగ్గర ఎర్ర వాల్వు చక్రం ఉంటుంది, గడియారం తిరిగే వైపు బిగించు. ముందు పిల్లల్ని దింపు. ఇంజను ఆపించు. తర్వాతే తక్కినవి."

* * *

గేటు దగ్గర బావగారు రంగు ఆరిందో లేదో వేలితో చూస్తున్నారు.

"ఎక్కడికమ్మా?"

"బడికి. పిల్లని తీసుకురావడానికి."

"వ్యాను తీసుకొస్తుందిగా."

"ఆ వ్యానులో వద్దు బావగారూ."

ఆయన చూపు ఆమె చేతిలోని స్పానరు మీద పడింది. చేయి చాపి గేటు మీద పెట్టారు. తడి రంగు అరచేతికి అంటుకున్నా తీయలేదు.

"చూడమ్మా. సంచులు మారుస్తున్నాం. గంటలో అంతా సర్దుకుంటుంది. నువ్వు స్పానరు పట్టుకుని బడి ముందు నిలబడితే అక్కడ పాతికమంది తల్లులు చూస్తారు. రేపటి నుంచి ఏ బండివాడూ మన గేటు తొక్కడు. ఆరేళ్ళ చాకిరీ. నీ మొగుడి చేతుల మీద కాలిన మచ్చలున్నాయే, అవన్నీ పేడలో పోసినట్టే."

"పిల్లలు బావగారూ."

"పిల్లలకేమైంది? నువ్వే రాశావుగా, తెలుపని."

భర్తకు చెప్పగలిగిన మాట ఈయన ముందు నాలుక మీదికి రాలేదు. చంటివాణ్ణి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"చెయ్యి తియ్యరా పెద్దోడా."

అత్తగారు. గబగబా నడిచి రావడంతో ఆయాసపడుతోంది. ఈసారి చేతులు వెనక్కి పెట్టుకోలేదు. గుడ్డపీలికలు చుట్టిన పది వేళ్ళూ కొడుకు మొహం ముందు పెట్టింది.

"ఇనుము తోమింది నేను. సోమవారం నుంచి లోపలున్నది నేను తోమినదే. ఇవాళ చెడటమేంటి, నాలుగు రోజుల నుంచీ చెడే ఉంటుంది. ఆఫీసరు వస్తే నన్ను చూపించు. ఈ ముసలిది చేసిందని చెప్పు. దాన్ని పోనీ."

బావగారు ఒకసారి తల్లి వేళ్ళు చూశారు, ఒకసారి గేటు మీది తన చెయ్యి చూసుకున్నారు.

"నాలుగు రోజుల నుంచి చెడితే," అన్నారు నెమ్మదిగా, "కాగితం తెలుపెలా వచ్చింది?"

అత్తగారు కోడలి చంకలోంచి చంటివాణ్ణి అందుకుంది. అందుకుంటూ ఆమె కళ్ళలోకి ఒక్క క్షణం చూసింది. ఆవిడకు అర్థమైపోయింది.

"అది వచ్చాక అడుగుదువుగాని," అంది.

గేటు తెరుచుకుంది. దాని మీద ఐదు వేళ్ళ ముద్ర మిగిలింది.

* * *

బడి దాకా పది నిమిషాల నడక. ఆమె ఎంతలో చేరిందో ఆమెకే తెలియదు.

వ్యాను గేటు ముందే ఉంది. ఇంజను తిరుగుతోంది. పిల్లలు సగంమంది ఎక్కేశారు. పంతులమ్మ జాబితా పట్టుకుని ఒక్కొక్కరికీ టిక్కు పెడుతోంది. పిచ్చుక అందరికన్నా ముందు ఎక్కి, డ్రైవరు వెనక సీట్లో ఒక్కతే కిటికీకి అతుక్కుని కూర్చుంది. పక్క సీటు ఖాళీ. ఆ వెనక సీటులో మాత్రం నలుగురు ఇరుక్కున్నారు.

"అన్నా, బండి ఆపు," అంది చిన్నకోడలు కిటికీలోంచి. "పిల్లల్ని దింపు."

డ్రైవరు నవ్వాడు. "ఏంటి చెల్లెమ్మా, స్పానరు పట్టుకొచ్చావ్? మీ ఆయన తన ఉద్యోగం నీకు ఒప్పగించాడా?"

"ఆపు అన్నా. దణ్ణం పెడతాను."

ఆమె మొహం చూసి అతని నవ్వు ఆగిపోయింది. తాళం తిప్పాడు.

పిల్లల్ని దింపి గోడవారకు పంపారు. వెనక తలుపు ఎత్తితే సిలిండరు మెడ కనిపించింది. సబ్బునీళ్ళు చల్లింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత బిగింపు చుట్టూ చిన్నచిన్న బుడగలు లేచాయి. చంటివాడి పెదవుల మీది నురగలా, మెత్తగా, ఆగకుండా.

ఆమె ఎర్ర చక్రాన్ని స్పానరుతో పట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించింది. బుడగలు పల్చబడ్డాయి. ఆగలేదు.

జేబుగుడ్డలో చుట్టి తెచ్చుకున్న కాగితం తీసి, తడిపి, అక్కడ పట్టుకుంది. నాలుగు రోజులుగా పట్టుకోవాల్సిన కాగితం. అంచు గోధుమరంగుకు తిరిగింది. చూస్తుండగానే నల్లబడింది.

పిచ్చుక ఎప్పుడొచ్చిందో పక్కన నిలబడి ఉంది. తల్లి చేతిలోని కాగితం వైపు, సిలిండరు వైపు మార్చి మార్చి చూసింది.

"అమ్మా, అయితే ఆ వాసన నాది కాదా?"

"కాదమ్మా."

"బండిదా?"

"బండిదే."

పిచ్చుక గోడవారన ఉన్న పిల్లల వైపు తిరిగింది. చొక్కా కిందికి లాగి సర్దుకుంది, అంతే. మూడు రోజులుగా వంగి ఉన్న దాని మెడ ఇప్పుడు నిటారుగా నిలబడింది.

అప్పటికి తల్లులు కొందరు చేరారు. ఏమైందట, ఏమైందట అంటున్నారు. డ్రైవరు బుడగల వైపు చూస్తూ చెమట తుడుచుకున్నాడు.

"నాకు ముందే అనుమానమొచ్చింది చెల్లెమ్మా. ఏంటీ వాసన అని. కానీ రోజూ మీ ఇంటి నుంచి చీటీ వస్తుందిగా. అది చూసుకునే ధైర్యంగా ఎక్కించుకున్నాను." ముందు సీటు పక్క అరలోంచి చీటీల కట్ట తీశాడు. "చూడండి టీచరుగారూ, నా తప్పేం లేదు. సోమవారం తెలుపు. మంగళవారం తెలుపు. నిన్నా తెలుపే."

పంతులమ్మ చీటీలు అందుకుంది. ఒకటి పైకెత్తి నల్లకాగితం పక్కన పెట్టి చూసింది. ఆవిడ గొంతు పెద్దదేం కాదు. అయినా గోడవారన ఉన్న చివరి పిల్ల దాకా వినిపించింది.

"పరీక్ష చేసి ఇది రాసిందెవరు?"

చిన్నకోడలు నోరు తెరిచింది. అంతలో, చదువులో ఎప్పుడూ వెనకబడే పిచ్చుక, జవాబు తెలిసిన ఏకైక ప్రశ్న దొరికినట్టు చెయ్యి పైకెత్తింది.

"నాకు తెలుసు టీచర్. అది మా అమ్మ చేతిరాత."